దేవుడికి 'గారు' లేదు

తెలుగులో గౌరవానికి కొదవ లేదు. కలెక్టరుగారు, డాక్టరుగారు, పూజారిగారు, పక్కింటి పిన్నిగారు. పెళ్ళిచూపుల్లో పదిహేడేళ్ళ బావమరిది కూడా 'గారు' అవుతాడు. కానీ వెంకటేశ్వరస్వామిగారు అని ఎవరూ అనరు. అంటే నవ్వొస్తుంది. గర్భగుడి ముందు చేతులు జోడించి "కాపాడు తండ్రీ" అన్న మనిషే, పక్కకు తిరిగి పూజారితో "కాస్త తీర్థం ఇవ్వండి" అంటాడు. తీర్థం ఇచ్చేవాడికి బహువచనం, ఆ తీర్థానికి మహిమ ఇచ్చాడని నమ్మేవాడికి ఏకవచనం. ఇద్దరు పెద్దమనుషులు తగువులాడుకున్నప్పుడు "నన్ను ఏకవచనంతో పిలుస్తావా" అనడం మనకు మామూలే. అలాంటి భాషలో, అందరికంటే పైవాడని నమ్మిన దేవుణ్ణి 'నువ్వు' అనడం ఎలా కుదిరింది?

భక్తి సాహిత్యాన్ని చదివినంత శ్రద్ధగా భక్తుల మామూలు మాటల్ని మనం వినలేదు. స్తోత్రాల్లో ఉండే బిరుదుల కంటే, ఆలోచించకుండా నోట వచ్చే సర్వనామాలు, క్రియల చివరి అక్షరాలు, వాక్యంలో ఎవరిని కర్తగా నిలబెడుతున్నామన్న ఎంపిక దేవుడితో మనిషికున్న సంబంధాన్ని ఎక్కువగా పట్టిస్తాయని నా అభిప్రాయం. బిరుదులు నేర్చుకున్నవి. క్రియాంతాలు అలవాటుగా జారేవి.

మధ్యమ పురుష సర్వనామాల మీద 1960లో రోజర్ బ్రౌన్, ఆల్బర్ట్ గిల్మన్ రాసిన వ్యాసం ఈ అధ్యయనాలకు మూలం. ఐరోపా భాషల్లోని 'నువ్వు–మీరు' జంటలను పరిశీలించి వారు రెండు సూత్రాలు చెప్పారు. ఒకటి అధికారం: పైవాడు కిందివాణ్ణి 'నువ్వు' అంటాడు, కిందివాడు 'మీరు' అంటాడు. రెండోది ఆత్మీయత: దగ్గరివాళ్ళు ఇద్దరూ 'నువ్వు' అనుకుంటారు, దూరపువాళ్ళు ఇద్దరూ 'మీరు' అనుకుంటారు. దేవుడి విషయంలో ఈ రెండు సూత్రాలూ ఢీకొంటాయి. అధికారంలో అంతరానికి అంతులేదు, అయినా సంబోధన ఆత్మీయులది. జర్మన్ భాషలో దేవుడు 'డు', అంటే నువ్వు. హిందీ, ఉర్దూల్లో 'తూ'. ఫ్రెంచి కాథలిక్కులు ప్రభువు ప్రార్థనలో చాలాకాలం 'వూ' అని, 1966లో 'త్యూ'కి మారారు. డచ్చి భాషలో మాత్రం దేవుడికి గౌరవరూపమైన 'యూ' నిలిచింది. కాబట్టి ఇది మతం శాసించిన నియమం కాదు. ఒక్కో భాషా సమాజం చేసుకున్న ఏర్పాటు.

అంత దూరం పోనక్కరలేదు. తమిళ బైబిల్‌లో దేవుడికి గౌరవార్థకమైన సంబోధన, గౌరవార్థకమైన క్రియాంతాలు ఉంటాయి. తెలుగు బైబిల్‌లో దేవుడు 'నీవు'. గ్రంథం ఒకటే, పొరుగు భాషలు, రెంటిలోనూ గౌరవ బహువచనం ఉంది, అయినా దారులు వేరయ్యాయి. తెలుగు క్రైస్తవుడు మోకాళ్ళ మీద నోటికొచ్చిన మాటల్లో ప్రార్థించినా "ప్రభువా, నీవే దిక్కు" అంటాడు తప్ప 'మీరే దిక్కు' అనడం అరుదు.

ఇక్కడ ఒక అభ్యంతరాన్ని తేలిగ్గా తీసుకోకూడదు. పాత తెలుగు కావ్యాల్లో రాజును కూడా 'నీవు' అనే అంటారు. సంస్కృత స్తోత్రాల్లో 'త్వం' సర్వసాధారణం. ఒక్కరిని బహువచనంతో గౌరవించే అలవాటు తర్వాత బలపడింది. ఆ లెక్కన దేవుడి 'నువ్వు'లో ఆత్మీయత ఏమీ లేదు, ప్రార్థన భాష పాతదనాన్ని వదలలేదు, అంతే కదా? కొంత నిజం. కానీ పాతదనమే కారణమైతే మనం దేవుడితో పాత భాషలోనే మాట్లాడాలి. పరీక్ష హాలు బయట నిలబడ్డ తల్లి "ఎలాగైనా గట్టెక్కించు స్వామీ, నీకు కొబ్బరికాయ కొడతా" అన్నప్పుడు అందులో గ్రాంథికం ఎక్కడుంది? క్రియలన్నీ నేటివి, ఒక్క 'అండి' మాత్రం లేదు. అలవాటుగా వచ్చిన రూపాన్ని నేటి మనిషి తన ఇంట్లోని సంబంధాల వెలుగులోనే అర్థం చేసుకుంటాడు.

ఆ ఇంటి సంబంధాలు చూడండి. చాలా తెలుగిళ్ళలో అమ్మ 'నువ్వు', నాన్న 'మీరు'. అమ్మకు 'గారు' తగిలించే ఇళ్ళు తక్కువ, నాన్నగారు అనే ఇళ్ళు ఎక్కువ. దేవుణ్ణి "తండ్రీ" అని పిలిచినప్పుడు కూడా క్రియ మాత్రం అమ్మ దగ్గర వాడేదే వస్తుంది: "తండ్రీ, చూసుకో". పేరు నాన్నది, సర్వనామం అమ్మది. మనస్తత్వ శాస్త్రంలో లీ కర్క్‌ప్యాట్రిక్, ఫిలిప్ షేవర్ 1990 నుంచి ఒక వాదన వినిపించారు. భయం వేసినప్పుడు పసిబిడ్డ ఎవరి ఒడిలోకి పరుగెడుతుందో, ఎవరు వెనక ఉన్నారన్న ధైర్యంతో ముందుకు పాకుతుందో, ఆ స్థానంలోనే చాలామంది విశ్వాసులు దేవుణ్ణి నిలుపుకుంటారని. తెలుగు సర్వనామం ఆ వాదనకు నిశ్శబ్దంగా వత్తాసు పలుకుతోందనిపిస్తుంది. బిడ్డకు అన్నం తినిపిస్తూ "నా తండ్రే, నా బంగారుతండ్రే" అనే తల్లి, అదే మాటతో దేవుణ్ణి కూడా పిలుస్తుంది. బాలకృష్ణుడి దగ్గరికి వచ్చేసరికి పాత్రలు పూర్తిగా తారుమారై భక్తురాలే తల్లి అవుతుంది.

దేవుడితో మాట్లాడటం ఒక ఎత్తు, దేవుడి గురించి మాట్లాడటం ఇంకో ఎత్తు. ప్రథమ పురుషలోకి రాగానే లెక్క మారుతుంది. 'గారు' మనుషులకు, 'వారు' దేవతలకు: స్వామివారు, అమ్మవారు, రాములవారు. అయినా "దేవుడున్నాడు" అంటాం, "దేవుడున్నారు" అనం. "స్వామివారు ఊరేగుతున్నారు" అని మైకులో చెప్పే కార్యకర్త ఇంటికెళ్ళి "దేవుడు వీధి చివరికి వచ్చాడు, రండి" అంటాడు. ఇంకా విచిత్రమైంది అమ్మవారి సంగతి. "అమ్మవారు వెలిసింది", "అమ్మవారు పూనింది" అన్నప్పుడు నామవాచకానికి గౌరవ బహువచనం, క్రియకు ఏకవచనం. వ్యాకరణం పొసగదు, చెవికి మాత్రం ఏ ఇబ్బందీ లేదు. పత్రికల్లో, దేవస్థానం ప్రకటనల్లో "అమ్మవారు దర్శనమిచ్చారు" అని దిద్దుతారు. దిద్దిన వాక్యంలో మర్యాద పెరుగుతుంది, అమ్మతనం తగ్గుతుంది. తెలుగు బైబిల్ పాత అనువాదంలో ఈ ఇరకాటం తక్కువ. గ్రాంథికంలో 'చేసెను', 'ఇచ్చెను' అన్న రూపానికి లింగభేదం, గౌరవభేదం రెండూ లేవు. వాడుక భాషలో ప్రసంగించే పాస్టరు మాత్రం 'చేశాడు', 'చేశారు' రెంటిలో ఒకటి ఎంచుకోక తప్పదు. ఒకే ప్రసంగంలో రెండూ వినిపించడం మామూలే.

తెలంగాణ పల్లెల్లో దేవతలు బంధువర్గంలోనే కలిసిపోయారు. వేములవాడలో రాజన్న, కొమురవెల్లిలో మల్లన్న, యాదగిరిగుట్టలో నర్సన్న, మేడారంలో సమ్మక్క. అన్నలు, అక్కలు, అమ్మలు. రెండేళ్ళకోసారి జరిగే మేడారం జాతరలో భక్తులు నిలువెత్తు బెల్లం సమర్పిస్తారు. దాన్ని బెల్లం అనరు, బంగారం అంటారు. పేదింటి నుంచి వచ్చిన కానుకను తక్కువ చేయనివ్వని మాట అది.

తెలుగుకున్న ఇంకో సౌకర్యం 'మా', 'మన' తేడా. వినేవాణ్ణి కలుపుకుంటే మన, కలుపుకోకపోతే మా. ప్రభువు ప్రార్థనలో తండ్రికి ముందు 'మా' మాత్రమే పడుతుంది. "మమ్మల్ని చల్లగా చూడు తల్లీ" అంటాం, "మనల్ని" అనం. ఎంత 'నువ్వు' అన్నా, ఎంత అన్న అన్నా, దేవుడితో మాట్లాడేటప్పుడు ఆ సమూహంలో దేవుణ్ణి కలుపుకోం. దగ్గరితనానికి హద్దు ఉందని గుర్తుచేసే ఈ ఒక్క అక్షరాన్ని ఇంగ్లీషు ప్రార్థన చూపించలేదు. అమెరికాలో పుట్టి ఇంగ్లీషులో దేవుణ్ణి వేడుకునే తెలుగు పిల్లలకు 'యూ' ఒకటే, 'అవర్' ఒకటే. ఇంట్లో అమ్మమ్మ చేసే ఎంపికలేవీ వాళ్ళు చేయనక్కరలేదు.

అన్నిటికంటే లోతైన విషయం కర్త. తిరుమల వెళ్ళివచ్చిన మనిషిని అడగండి. "మేం ప్లాన్ చేసి వెళ్ళాం" అనడం కంటే "స్వామి రప్పించుకున్నాడు" అనడమే ఎక్కువ. 'రావడం' నుంచి 'రప్పించు', అంటే ప్రేరణార్థకం. దానికి 'కొను' చేరి 'రప్పించుకొను', అంటే తన కోసం తానే చేయించుకోవడం. టికెట్టు బుక్ చేసింది, క్యూ కాంప్లెక్సులో కూర్చుంది, పిల్లల్ని ఎత్తుకుని నడిచింది భక్తుడే. వాక్యంలో మాత్రం అతను కర్త కాడు, పనిలో ఇష్టమున్నవాడూ కాడు. ఇష్టం కూడా స్వామిదే. కుదరకపోతే "ఇంకా పిలుపు రాలేదు". చూస్తే "దర్శనం అయింది", లేదా "దర్శనం ఇచ్చాడు". గుడి కట్టినవాడు "ఆయన పని ఆయన చేయించుకున్నాడు" అంటాడు. ఇందులో వినయం ఉంది, నిజమే. లోకం ఎలా నడుస్తుందన్న ఒక సిద్ధాంతం కూడా ఉంది. ఎవరూ పాఠంగా చెప్పకుండానే, రెండు ప్రత్యయాల రూపంలో పిల్లలు దాన్ని నేర్చేసుకుంటారు.

కానీ మొక్కు దగ్గరికి వచ్చేసరికి భక్తుడు ఠక్కున కర్త అయిపోతాడు. మొక్కుకున్నాను, ముడుపు కట్టాను, మొక్కు చెల్లించాను, బాకీ తీర్చుకున్నాను. ఇది అప్పు పత్రం భాష. దేవుడు కూడా దీనికి అతీతుడు కాడు. పెళ్ళికి కుబేరుడి దగ్గర అప్పుచేశాడన్న కథను బట్టి వెంకన్నను వడ్డికాసులవాడు అంటాం. కృప మాట్లాడేటప్పుడు దేవుడు కర్త, ఒప్పందం మాట్లాడేటప్పుడు మనిషి కర్త. ఒకే నోట, ఒకే ప్రయాణంలో.

కష్టకాలంలో మతాన్ని ఆసరా చేసుకునే తీరుపై కెన్నెత్ పార్గమెంట్ బృందం 1988లో మూడు పద్ధతులను వేరుచేసింది. సమస్యను పూర్తిగా దేవుడికి వదిలేయడం, దేవుడితో కలిసి మోయడం, దేవుడిచ్చిన శక్తితో తానే పరిష్కరించుకోవడం. వారు ప్రశ్నావళితో కొలిచినవి మన వాడుకలో సిద్ధంగా ఉన్నాయి. "అంతా నీదే భారం." "మన ప్రయత్నం మనం చేద్దాం, ఆపైన దేవుడి దయ." "దేవుడు బుర్ర ఇచ్చాడు కదా, వాడు." అయితే ఈ వాక్యాలను మనుషుల మీద ముద్రలుగా వేస్తే పొరపాటవుతుంది. జనవరిలో మూడో వాక్యం చెప్పిన తండ్రే ఏప్రిల్లో రెండోది, ఫలితాల రోజు పొద్దున్నే మొదటిది చెబుతాడు. చేతిలో ఉన్న పని తగ్గేకొద్దీ కర్తృత్వం పైకి జరుగుతుంది.

మాట ఇంత మనిషిలా ఉంటే, మనసులో దేవుడు ఎలా ఉంటాడు? జస్టిన్ బారెట్, ఫ్రాంక్ కీల్ 1996లో ప్రచురించిన ప్రయోగం ఈ ప్రశ్నను చక్కగా పట్టుకుంది. దేవుడు ఒకేసారి అన్నిచోట్లా ఉంటాడని, ఎన్ని పనులైనా కలిపి చేయగలడని చెప్పినవారికి చిన్న కథలు వినిపించారు. లోకంలో మరోచోట ఒక ప్రార్థనకు జవాబిస్తున్న దేవుడు, నదిలో రాళ్ళ మధ్య కాలు ఇరుక్కున్న పిల్లవాణ్ణి కూడా కాపాడతాడు. తర్వాత గుర్తుచేసుకోమంటే, దేవుడు మొదటి పని ముగించుకుని రెండోదానికి వచ్చాడన్నట్టు చాలామంది చెప్పారు. కథలో ఆ మాట లేదు. బారెట్ తర్వాత ఉత్తర భారతంలో హిందువులతోనూ ఇలాంటి పరిశీలనే చేసి, ఇలాంటి ధోరణినే గమనించాడు. సిద్ధాంతం అడిగితే సర్వాంతర్యామి, కథ చెప్పమంటే తీరిక లేని పెద్దమనిషి. మన మాటల్లోనూ ఇదే: "దేవుడు ఇన్నాళ్ళకు మా వైపు చూశాడు", "ఆయన చెవిన పడాలి", "ఇప్పటికి కళ్ళు తెరిచాడు".

డెన్మార్క్‌లో ఉఫె ష్యోట్ బృందం 2009లో ప్రచురించిన అధ్యయనంలో ఇరవైమంది భక్తులైన క్రైస్తవులు ఎఫ్ఎంఆర్ఐ యంత్రంలో పడుకుని ప్రార్థించారు. కంఠస్థమైన ప్రభువు ప్రార్థనతో పోలిస్తే సొంత మాటలతో చేసిన ప్రార్థనలో, ఎదుటి మనిషి మనసును ఊహించేటప్పుడు పనిచేసే మెదడు భాగాలు ఎక్కువ చురుగ్గా ఉన్నాయి. శాంటాక్లాజ్‌కు కోరికలు చెప్పినప్పుడు అలా లేదు. తక్కువమందిపై, ఒకే సంప్రదాయంలో చేసిన పరిశోధన కాబట్టి దాన్ని అన్ని మతాలకూ సాగదీయకూడదు. అయినా కంఠస్థానికి, సొంత మాటకు మధ్య తేడా ముఖ్యం. సహస్రనామం చదివే మనిషి, చదవడం ముగించి పుస్తకం కళ్ళకద్దుకుని "మా అమ్మాయి సంగతి చూడు తల్లీ" అనే మనిషి ఒకరే. చేసే పనులు మాత్రం రెండు కావచ్చు.

ఇదే దారిలో ఒక ఫలితాన్ని తెలుగు వాడుక ప్రశ్నిస్తుంది. హీథర్ గ్రే, కర్ట్ గ్రే, డేనియల్ వెగ్నర్ 2007లో చేసిన ఆన్‌లైన్ సర్వేలో జనం దేవుడికి సంకల్పం, నిర్ణయం చేసే శక్తిని అత్యధికంగా ఇచ్చారు. ఆకలి, భయం, నొప్పి వంటి అనుభూతులను చాలా తక్కువగా ఇచ్చారు. మన గుళ్ళో ఆ దేవుడు కనిపించడు. ఆరగింపు ఆలస్యమైతే స్వామికి ఆకలేస్తుంది, రాత్రి పవళింపు, పొద్దున మేలుకొలుపు. పూరీలో స్నానపూర్ణిమ తర్వాత జగన్నాథుడికి జ్వరం. తిరుమలలో అమ్మవార్లు స్వామి మీద అలిగితే దానికో ప్రణయకలహోత్సవం. ఆ సర్వే ఫలితం దేవుడి గురించి కాదు, దేవుణ్ణి ఒక తరహా భాషలో ఊహించేవారి గురించి చెబుతోందని నేననుకుంటాను.

జబ్బు సైతం అనుభూతి ఉన్న దేవతే అయింది. మశూచిని, తర్వాత ఆటలమ్మను "అమ్మవారు పోసింది" అన్నారు. మశూచి నిర్మూలన అయినట్టు ప్రపంచ ఆరోగ్య సంస్థ 1980లో ప్రకటించింది. వైరస్ పోయింది, క్రియ మిగిలింది. దాన్ని చికెన్‌పాక్స్‌కు వాడుకుంటున్నాం. జబ్బు అన్నచోట తరిమేయాలనిపిస్తుంది, అమ్మ అన్నచోట చల్లబరచాలనిపిస్తుంది. వేపాకులు, చద్ది, పెద్దగా మాట్లాడకపోవడం అన్నీ ఆ రెండో భావం నుంచి వచ్చినవే. మంచం మీది బిడ్డను అసహ్యించుకోకుండా ఆ మాట కాపాడింది. వైద్యుడి దగ్గరికి వెళ్ళడం అపచారమనే సంకోచానికీ ఆ మాటే తోడైంది. రెండూ నిజమే.

సంప్రదాయాలు కొన్ని మాటలను కావాలనే మార్చుతాయి. శ్రీవైష్ణవులు పెద్దల ఎదుట 'నేను' అనకుండా 'అడియేన్' అంటారు, పాదాల దగ్గరి దాసుడినని. అయ్యప్ప మాల వేసుకున్నవారు మండలం పాటు ఎదుటివాణ్ణల్లా 'స్వామి' అంటారు. ఎనిమిదేళ్ళ పిల్లవాడు స్వామి, ఆడవారు మాత, భోజనం భిక్ష. ఒకరు ఉత్తమ పురుషను దించుతారు, ఇంకొకరు మధ్యమ పురుషను ఎత్తుతారు. మాల తీసిన మర్నాడు ఆఫీసులో మళ్ళీ "ఒరేయ్" మొదలవుతుంది, అది వేరే సంగతి.

వాడగా వాడగా మాటలు అరుగుతాయి కూడా. "డబ్బంతా గోవిందా" అన్నప్పుడు గోవిందుడు ఎవరికీ గుర్తురాడు. "ఇన్షా అల్లా" నిజమైన ఆశ కావచ్చు, మర్యాదగా తప్పించుకోవడమూ కావచ్చు. "దేవుడి దయవల్ల బాగున్నాం" అన్న ప్రతివాడినీ భక్తుడిగా లెక్కవేస్తే ఏ సర్వే అయినా దారితప్పుతుంది. అందుకే పదాన్ని కాకుండా సందర్భాన్ని వినాలి: దేవుడి పేరు తీసేస్తే వాక్యం కుంటుపడుతుందా, లేదా?

ఇంతవరకూ మనిషి వైపు మాటలే. దేవుడు తిరిగి మాట్లాడతాడని నమ్మేచోట ఇంకో సగం వినిపిస్తుంది. షికాగో, కాలిఫోర్నియాల్లోని ఎవాంజెలికల్ చర్చిల్లో తాన్యా లూర్మన్ ఏళ్ళ తరబడి పరిశీలించి 2012లో పుస్తకం రాసింది. అక్కడివారు దేవుడి కోసం రెండో కప్పు కాఫీ పోసి ఎదురుగా కూర్చుని కబుర్లాడతారు. తమ ఆలోచనల్లో ఏది తమది, ఏది దేవుడిదో వేరుచేయడం సాధనగా నేర్చుకుంటారు. మన చర్చిల్లో "ప్రభువు నాతో మాట్లాడాడు" అని సాక్ష్యం చెప్పే విశ్వాసిదీ అలాంటి సాధనే. సికింద్రాబాద్ ఉజ్జయిని మహంకాళి గుడిలో బోనాల మర్నాడు జరిగే రంగం దీనికి బహిరంగ రూపం. పచ్చికుండ మీద నిలబడ్డ స్త్రీ ఉత్తమ పురుషలో మాట్లాడుతుంది. 'నేను' అంటే ఆమె కాదు, అమ్మవారు. పూజలు సరిగా జరగలేదని నిలదీస్తుంది, వానల సంగతి చెబుతుంది, ఎదురుగా ఉన్న అర్చకులను, అధికారులను అందరినీ బిడ్డలుగానే పలకరిస్తుంది. ఆ అధికారులు కూడా ఆ కాసేపు "చెప్పు తల్లీ" అనే అడుగుతారు. 'అండి' అటూ రాదు, ఇటూ రాదు.